తాను అందంగా ఉన్నానని స్త్రీ తానే చెప్పుకుంటే మనకెందుకంత కోపం?

సంధ్యారాగం (చర్చ ప్రారంభించినవారు)
సోమవారం, రాత్రి 9.40

నాతో 20 ఏళ్లుగా కలిసి పనిచేస్తున్న స్నేహితురాలు ఒకరు గత వారం సామాజిక మాధ్యమంలో తన ఫొటో పెట్టారు. ఆమె వయసు 46. కిటికీ పక్కన కూర్చుని, కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని, పక్కనున్న ఎవరితోనో మాట్లాడుతూ నవ్వుతున్నప్పుడు తీసిన ఫొటో అది. దాని కింద ఆమె రెండే వాక్యాలు రాశారు: “నేను అందంగా ఉన్నాను. ఈ మాట నేనే చెప్పుకోవాలనిపించింది.”

గంట తిరగకముందే వ్యాఖ్యలు మొదలయ్యాయి. అద్దం చూసుకుని ఎన్నాళ్లయిందని ఒకరు అడిగారు. మెచ్చుకోవలసింది ఫొటో తీసినవారి పనితనాన్ని అని ఇంకొకరు రాశారు. ఈ వయసులో ఈ మాటలేమిటని దగ్గరి బంధువు ఒకరు మందలించారు. వీటన్నిటికన్నా నన్ను పట్టి నిలిపిన వ్యాఖ్య మరొకటి ఉంది: “ఆ మాట మేము చెప్పాలి గానీ మీరు చెప్పుకోకూడదు.” దానికి 30 మందికి పైగా నవ్వు గుర్తులు పెట్టారు.

సాయంత్రానికి ఆమె ఫొటోను అలాగే ఉంచి, ఆ రెండు వాక్యాలు తీసేసి, “వెలుతురు బాగా కుదిరింది” అని మార్చుకున్నారు. రాత్రయ్యేసరికి, పొద్దున వెక్కిరించినవారిలోనే కనీసం నలుగురు అదే ఫొటో కింద “ఎంత అందంగా ఉన్నారో!”, “మీకు వయసే రాదా?” అని రాశారు.

ఫొటో అదే, మనిషీ ఆమే. మారిందల్లా ఆ మాట ఎవరి నోట వచ్చిందన్నదే. వారం రోజులుగా ఇదే నా మనసులో తిరుగుతోంది. ఆమె చెప్పినది అబద్ధమని వారు కోపగించుకోలేదు, ఎందుకంటే రాత్రికి వారే దాన్ని నిజమని ఒప్పుకున్నారు. మరి కోపం దేని మీద? ఈ వేదికలో నిదానంగా ఆలోచించి రాసేవారు ఉన్నారు గనుక అడుగుతున్నాను.

తెల్లకాగితం
సోమవారం, రాత్రి 10.25

సంధ్యారాగం గారూ, మీ స్నేహితురాలి విషయంలో జరిగినది మర్యాద కాదు. అది ఒప్పుకుంటూనే రెండు మాటలు చెబుతాను.

మొదటిది, ఆత్మస్తుతి ఎవరు చేసినా వినేవారికి ఇబ్బందిగానే ఉంటుంది. దీన్ని స్త్రీలకు మాత్రమే పెట్టిన నియమంగా చూడటం సరికాదని నా అభిప్రాయం. కర్ణపర్వంలో ధర్మరాజు గాండీవాన్ని నిందించినప్పుడు అర్జునుడు తన ప్రతిజ్ఞ ప్రకారం అన్నగారి మీదికే కత్తి దూస్తాడు. ఆ గండం గడిచాక, అన్నగారిని నోటికొచ్చినట్లు దూషించినందుకు కుమిలిపోయి తనను తానే చంపుకోబోతాడు. అప్పుడు కృష్ణుడు చెప్పిన ఉపాయమేమిటో మనందరికీ తెలుసు: నిన్ను నువ్వే పొగుడుకో, అది ఆత్మహత్యతో సమానం. అంతటి వీరుడికి కూడా స్వోత్కర్ష మరణంతో సమానమని చెప్పిన సంప్రదాయం మనది.

రెండోది నాకు ఇంకా ముఖ్యమైనది. అందం కష్టపడి సంపాదించుకున్నది కాదు. తాతల ఆస్తి గురించి గొప్పలు చెప్పుకునేవారిని మనం ఎలా చూస్తామో, పుట్టుకతో వచ్చిన రూపం గురించి చెప్పుకునేవారినీ అలాగే చూస్తాం. వెక్కిరించడం తప్పే, కానీ వినగానే మనసు చివుక్కుమనడంలో తప్పు లేదు.

పాతబీరువా
సోమవారం, రాత్రి 11.10

తెల్లకాగితం గారు కర్ణపర్వం ఎత్తారు కనుక విరాటపర్వం వైపు కూడా చూడాలి. “ఉత్తరకుమార ప్రగల్భాలు” అని మనం ఎందుకు అంటాం? అంతఃపురంలో కూర్చుని కౌరవసేనను ఒంటిచేత్తో గెలుస్తానని చెప్పినవాడు, ఆ సేనను కళ్లారా చూడగానే రథం దిగి పరుగెత్తాడు కనుక. అతని మాట నిజమై ఉంటే ఆ పేరు సామెతగా మిగిలేది కాదు. యుద్ధానికి ముందు తన బలాన్ని చాటుకోని వీరుడు మన ఇతిహాసాల్లో అరుదు, దాన్ని మనం వీరాలాపంగానే విన్నాం. అర్జునుడు కూడా ఆ రోజు తనను తాను పొగుడుకున్న తరువాత ఎవరూ అతనిని ఎగతాళి చేయలేదు, యుద్ధానికి పంపారు.

అంటే ప్రగల్భం పలికిన పురుషుణ్ణి, మాట అబద్ధమని తేలినప్పుడు నవ్వుతాం. సంధ్యారాగం గారి స్నేహితురాలి విషయంలో మాట నిజమని తేలిన తరువాత కూడా, నవ్విన వారెవరూ తమ నవ్వును వెనక్కి తీసుకోలేదు. ఈ రెండూ ఒకే నియమం ఎలా అవుతాయి?

సత్యభామ గర్వం అణచడానికి ఒక్క తులసిదళం చాలింది. గ్రీకు పురాణంలో కాసియోపియా అనే రాణి సముద్రకన్యలకన్నా తమదే అందమని అన్నందుకు ఆమె కూతురు ఆండ్రోమెడాను సముద్రపు మృగానికి ఎరగా బండకు కట్టారు. ఆ తరువాత రాణిని నక్షత్రమండలంగా మార్చి, ఏడాదిలో కొంతకాలం తలకిందులుగా కనిపించేలా ఆకాశంలో కూర్చోబెట్టారు. ఎక్కడెక్కడి కథలో చూసినా ఈ తప్పుకు శిక్ష మాత్రం తప్పడం లేదు.

నిశితదృష్టి
మంగళవారం, ఉదయం 7.15

ఈ విషయంలో అందరికీ గుర్తొచ్చే ఉదాహరణ ఒకటి ఉంది, దాన్ని పూర్తిగా చూడకుండా తీర్మానానికి రావద్దని మనవి. 2012 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని డెయిలీ మెయిల్ పత్రికలో సమంతా బ్రిక్ అనే 41 ఏళ్ల పాత్రికేయురాలు ఒక వ్యాసం రాశారు. ఇంత అందంగా ఉండటం వల్ల తనకు నష్టాలు కూడా ఉన్నాయన్నది దాని సారాంశం. విమానంలో కెప్టెన్ తనకోసం షాంపేన్ పంపించాడనీ, ముక్కూమొహం తెలియని పురుషులు తన టిక్కెట్టు డబ్బులు కట్టారనీ, స్నేహితురాళ్లు మాత్రం తనను పెళ్లిలో తోడుపెళ్లికూతురిగా కూడా పిలవలేదనీ అందులో రాశారు. కొన్ని గంటల్లోనే వేలాది వ్యాఖ్యలు వచ్చి పడ్డాయి. దేశదేశాల్లో ఆమె పేరు మారుమోగింది, టీవీ కార్యక్రమాల్లో కూర్చోబెట్టి ప్రశ్నించారు.

ఆ వ్యాసాన్ని నేను అప్పట్లోనే చదివాను, నాకూ కోపం వచ్చింది. ఎందుకు వచ్చిందో ఇప్పుడు నిదానంగా చూసుకుంటే, ఆమె తనను అందగత్తెనని చెప్పుకున్నందుకు కాదు. ఆడవాళ్లు తనను ద్వేషించడానికి అసూయే కారణమని తేల్చేసినందుకు. అందులో తన గురించి ఒక మాట ఉంటే, ఇతర స్త్రీల గురించి పది మాటలు ఉన్నాయి. ఆమె పైఅధికారిణులకు ఆమె పని నచ్చకపోయి ఉండవచ్చన్న ఊహకే చోటు లేదు. మరునాడు ఈ ఆగ్రహమే తన మాటకు సాక్ష్యమని ఆమె మళ్లీ రాశారు. కాదన్నవారందరూ అసూయపరులే అయితే ఇక వాదనకు తావెక్కడిది?

అందుచేత “నేను అందంగా ఉన్నాను” అనే మాటనూ, “నేను అందంగా ఉన్నాను కనుక మీరంతా నన్ను చూసి ఏడుస్తున్నారు” అనే మాటనూ వేరు చేసి చూడాలి. సంధ్యారాగం గారి స్నేహితురాలు మొదటిదే అన్నారు.

సంధ్యారాగం
మంగళవారం, ఉదయం 8.05

నిశితదృష్టి గారూ, ఆ తేడా నాకు అవసరమైనదే, కృతజ్ఞతలు. అయితే ఆ వేల వ్యాఖ్యల్లో ఎక్కువమంది దేనిని ఖండించారో గుర్తు చేసుకోండి. ఆమె తర్కం తప్పయితే తర్కానికి జవాబు చెప్పాలి. కానీ ఆమె ఫొటోలు తెచ్చి పెట్టి, కళ్లు, ముక్కు, పళ్లు, నడుము ఒక్కొక్కటిగా తూచి, “ఇదా అందం?” అని అడిగారు. ఇతర స్త్రీలను అవమానించినందుకు శిక్షగా ఆమె ముఖానికి మార్కులు వేయడం ఏ న్యాయం?

ఇంకొక సంగతి. అందంగా కనిపించేవారికి లోకం ముందుగానే మంచి గుణాలు అంటగడుతుందని 1972లో డయాన్, బెర్షీడ్, వాల్‌స్టర్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక అధ్యయనంలో చూపించారు. ఫొటోలు చూసిన విద్యార్థులు, అందమైన ముఖాలు ఉన్నవారికి మంచి స్వభావం, మంచి ఉద్యోగం, సుఖమైన సంసారం ఉంటాయని ఊహించారు. అంటే “నా రూపం వల్ల నాకు కొన్ని సులువుగా దొరుకుతున్నాయి” అని ఒక స్త్రీ చెబితే అది గొప్ప చెప్పుకోవడం కన్నా నిజం ఒప్పుకోవడానికే దగ్గర. తెల్లకాగితం గారి తాతల ఆస్తి పోలిక ఇక్కడ నాకు మరోలా కనిపిస్తోంది. ఆస్తి ఉందని ఒప్పుకునేవారినే మనం తిడుతున్నాం, ఉండి కూడా లేదన్నట్లు నటించేవారిని వినయవంతులంటున్నాం.

అక్షరాలబడి
మంగళవారం, మధ్యాహ్నం 1.30

నేను భాష బోధించేవాడిని కనుక మాటల దగ్గరే ఆగుతాను.

“అందంగా కనిపిస్తున్నాను”, “అందంగా ఉన్నాను”, “నేను అందగత్తెను”. ఈ మూడింటినీ ఒకదాని తరువాత ఒకటి పైకి చదివి చూడండి. మొదటి వాక్యంలో చూసే కన్ను మరొకరిది. కనిపించడానికి ఎదుట ఎవరో ఉండాలి, వారు కాదంటే మాట రద్దవుతుంది. రెండోదానిలో ఆ ఎదుటి మనిషి లేరు. మూడోదానిలో ఇవాళ, ఈ ఫొటోలో అన్న పరిమితి కూడా పోయింది. మెట్టు పెరిగినకొద్దీ వినేవారి ప్రమేయం తగ్గుతుంది, వారి అసహనం పెరుగుతుంది. “వెలుతురు బాగా కుదిరింది” అన్న వాక్యం ఈ మెట్లన్నీ దిగిపోయి, కర్తగా కూడా తనను తాను తీసేసుకున్న వాక్యం.

ఇక మన మాటల మూట విప్పి చూస్తే టెక్కులాడి, వగలాడి, సోకులాడి, వగలమారి అని వరసగా దొర్లుతాయి. తన అందం తనకు తెలిసిన స్త్రీకి మన దగ్గర ఇన్ని పేర్లున్నాయి. తన అందం తనకు తెలిసిన పురుషుణ్ణి షోకిల్లా అంటాం, కానీ ఆ మాటలో కొంత ముచ్చట కూడా కలిసే ఉంటుంది. పై నాలుగు మాటల్లో అది ఎంత వెతికినా దొరకదు.

పొగడ్తకు మనం ఇచ్చే జవాబుల మీద అనితా పోమరెంట్జ్ అనే పరిశోధకురాలు 1978లో ఒక ముఖ్యమైన వ్యాసం ప్రచురించారు. ఎవరైనా పొగిడినప్పుడు రెండు ఒత్తిళ్లు ఒకేసారి పనిచేస్తాయని ఆమె గమనించారు. ఎదుటివారి మాటతో ఏకీభవించడం మర్యాద, తనను తాను పొగుడుకోకపోవడం కూడా మర్యాద. రెండూ కలిసి కుదరవు గనుక మనం మాటను పలచన చేస్తాం, దారి మళ్లిస్తాం, లేదా తిరిగి వారినే పొగుడుతాం. “ఈ రంగు మీకు బాగా నప్పింది” అంటే “పాతదేనండీ” అనడం అదే. రంగు నప్పిందా లేదా అన్నదానికి అది జవాబు కానే కాదు. మా తరగతిలో పిల్లలతో ఒకసారి ఒక అభ్యాసం చేయించాను. ఒకరు పొగడాలి, రెండోవారు “అవును, ధన్యవాదాలు” అని మాత్రమే అనాలి. చాలామంది “ధన్యవాదాలు” అనగలిగారు. “అవును” దగ్గర గొంతు పట్టేసింది. ఒక అమ్మాయి మూడుసార్లు ప్రయత్నించి కూర్చుండిపోయింది.

ఉత్తరపుగాలి
మంగళవారం, సాయంత్రం 4.50

చర్చ బాగుంది కానీ ఆ ఫొటో చూడకుండా ఎలా తేలుతుంది? ఆమె పేరు చెప్పనక్కరలేదు, ఫొటో మాత్రం ఇక్కడ పెట్టండి. ఆ మాట నిజమో కాదో చూసిన తరువాత మాట్లాడటం సులువు.

సంధ్యారాగం
మంగళవారం, సాయంత్రం 5.10

పెట్టను. మీరు దురుద్దేశంతో అడగలేదని నమ్ముతున్నాను, కానీ మీ ప్రశ్నను మీరే ఒకసారి తిరిగి చదవండి. ఆమె ఏ తీర్పును మన చేతుల్లోంచి తీసుకోవాలనుకున్నారో, దాన్ని మళ్లీ మన ముందుకే తెమ్మని అడుగుతున్నారు. ఆమె అందంగా ఉన్నారని మనం తేలిస్తే ఆమెకు ఆ మాట అనే అర్హత ఉన్నట్లు, లేదని తేలిస్తే వెక్కిరించినవారు సరైనవారైనట్లు అవుతుంది. రెండింటికీ నేను ఒప్పుకోను.

నిర్వాహకుడు
మంగళవారం, సాయంత్రం 5.30

చర్చలో లేని వ్యక్తుల ఫొటోలు అడగడం, పెట్టడం ఈ వేదిక నియమాలకు విరుద్ధం. ఈ అభ్యర్థనను సమర్థిస్తూ వచ్చిన రెండు వ్యాఖ్యలు తొలగించాము. ఉత్తరపుగాలి గారి వ్యాఖ్యను, దానికి జవాబు ఉన్నందువల్ల, అలాగే ఉంచుతున్నాము.

మౌనవీణ
మంగళవారం, రాత్రి 9.20

నేను ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ. నాకు 11 ఏళ్ల వయసులో జరిగిన ప్రమాదంలో ఎడమ చెంప నుంచి మెడ దాకా కాలింది. ఆ మచ్చ ముడతలు పడి, చెవి కింద చర్మం లాగినట్లు ఉంటుంది. నవ్వినప్పుడు పెదవి ఒక పక్కకే లేస్తుంది. ఇప్పుడు నాకు 34.

రెండేళ్ల కిందట నేను కూడా సంధ్యారాగం గారి స్నేహితురాలు రాసినట్లే రాశాను. ఇంచుమించు అవే మాటలు. నన్ను ఎవరూ వెక్కిరించలేదు. “మీ ధైర్యానికి వందనం”, “ఎందరికో స్ఫూర్తి”, “అసలైన అందం మనసుదే” అని రాశారు. మొదట్లో సంతోషించాను. రాత్రి మళ్లీ చదువుకుంటుంటే ఒక్కొక్క వ్యాఖ్యా గుచ్చుకోవడం మొదలుపెట్టింది. నేను నా ముఖం గురించి రాశాను. వారు నా మనసు గురించి జవాబిచ్చారు. ధైర్యం కావలసింది ప్రమాదం ఉన్నచోట కదా. ఉన్న మాట చెప్పడానికి ధైర్యం అవసరమైందని వారందరూ అనుకున్నారంటే, ఆ మాటను ఒక్కరూ నమ్మలేదన్నమాట.

ఆమెను తిట్టారు, నన్ను మెచ్చుకున్నారు. అయినా ఆమె మాటనూ నా మాటనూ మాటగా తీసుకున్నవారు లేరు. ఆమెది ఎవరి అనుమతీ లేకుండా పలికిన మాట గనుక తిరిగి లాక్కున్నారు. నాది వారు ఎన్నడూ ఇవ్వబోని మాట గనుక బొమ్మను చేతిలో పెట్టినట్లు ఉంచుకోనిచ్చారు. వెక్కిరింపు బాగుంటుందని నేను అనడం లేదు. కానీ ఆమెతో గొడవపడినవారు కనీసం ఆమె అన్నది అర్థం చేసుకునే గొడవపడ్డారు.

నిశితదృష్టి
మంగళవారం, రాత్రి 10.45

మౌనవీణ గారూ, మీరు రాసినది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అలాంటి ఫొటోల కింద “స్ఫూర్తి” అనే మాట నేనూ వాడాను. ఇకముందు ఆలోచించి వాడతాను.

అంకెలు ప్రస్తావనకు వస్తాయి గనుక ఒక జాగ్రత్త చెబుతాను. 2004లో డవ్ సబ్బుల కంపెనీ 10 దేశాల్లో 3,200 మంది స్త్రీలతో చేయించిన సర్వేలో, తమ రూపాన్ని వర్ణించడానికి “అందమైన” అనే మాటను ఎంచుకున్నవారు 2 శాతమేనని తేలింది. ఈ అంకెను చూపి మిగతా 98 శాతం తమను కురూపులనుకుంటున్నారని చెప్పేవారున్నారు. అది తప్పు. కొన్ని మాటల పట్టిక ఇచ్చి ఒకటి ఎంచుకోమన్నారు, చాలామంది “సహజమైన”, “సాధారణమైన” వంటి మాటలు ఎంచుకున్నారు. అందువల్ల ఆ సర్వే కొలిచినది అందం గురించిన నమ్మకాన్నా, లేక ఆ మాటను నోటితో అనడానికి ఉన్న జంకునా అన్నది తేలని విషయం. ఈ చర్చ చదివాక రెండోదానికే ఎక్కువ బరువు ఇస్తున్నాను.

అదే కంపెనీ 2015లో ఢిల్లీ, షాంఘై, లండన్ సహా ఐదు నగరాల్లో భవనాలకు రెండు ద్వారాలు పెట్టి, ఒకదానిపై “అందమైన”, రెండోదానిపై “సాధారణమైన” అని రాసి స్త్రీలు ఎటు వెళతారో చిత్రీకరించింది. చాలామంది రెండోదాని వైపు నడిచారు. ఆ ప్రకటన ఉద్దేశం స్త్రీలలో ఆత్మవిశ్వాసం నింపడమని చెప్పారు. కానీ అక్కడ మూడో ద్వారం లేదు. పనిమీద వెళుతున్న మనిషి తన రూపం గురించి తీర్పు చెప్పకుండా లోపలికి వెళ్లే వీలే లేదు. అందంగా ఉన్నానని చెప్పుకునే స్వేచ్ఛ ఎంత ముఖ్యమో, ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండే స్వేచ్ఛ కూడా నాకు అంతే ముఖ్యం.

తెల్లకాగితం
బుధవారం, ఉదయం 6.50

మొన్న నేను రాసిన మొదటి మాటను వెనక్కి తీసుకుంటున్నాను. పాతబీరువా గారు చూపిన తేడా నాకు తట్టలేదు. ఈ వైపున మరొక ఉదాహరణ నాకే గుర్తొచ్చింది. 1964 ఫిబ్రవరిలో బాక్సింగ్ పోటీలో సోనీ లిస్టన్‌ను ఓడించిన 22 ఏళ్ల కాసియస్ క్లే, తరువాతి మహమ్మద్ అలీ, తాను ఎంత గొప్పవాడో చెప్పుకున్నట్లే ఎంత అందగాడో కూడా లోకానికి చాటుకున్నాడు. అప్పటి పాత్రికేయుల్లో చాలామందికి అది మింగుడుపడలేదు. అందులో అతని రంగు మీద ఉన్న ద్వేషం పాలు కూడా తక్కువేమీ కాదు. అయినా కాలం గడిచేకొద్దీ ఆ మాటలే అతని ఆకర్షణగా, అతని కీర్తిలో భాగంగా మారిపోయాయి. తన అందాన్ని అంత బిగ్గరగా చాటుకుని, తరువాత అందుకే ఆరాధన పొందిన స్త్రీ ఒక్కరైనా ఉన్నారా అని రాత్రి చాలాసేపు ఆలోచించాను. ఒక్క పేరూ తట్టలేదు.

రెండో మాటను మాత్రం వదులుకోను. రూపం మనిషి సాధించినది కాదు. దాని మీద నిలబెట్టిన గౌరవం రూపంతో పాటే కూలుతుంది. అమ్మాయిలకు “నేను అందంగా ఉన్నాను” అని చెప్పుకోవడం నేర్పడం కన్నా, అందం అనే కొలబద్దనే పక్కన పెట్టడం నేర్పితే మంచిదని ఇప్పటికీ నమ్ముతున్నాను.

పాతబీరువా
బుధవారం, ఉదయం 8.30

కొలబద్దను పక్కన పెట్టమని చెప్పవలసింది దాన్ని పట్టుకున్నవారికి కదా, తెల్లకాగితం గారూ. పుట్టిన దగ్గర నుంచి ఆ కొలబద్దతోనే కొలిచి, రంగు గురించీ బరువు గురించీ జుట్టు గురించీ రోజూ గుర్తు చేసి, తీరా ఆమె తానే కొలుచుకుని ఫలితం చెప్పగానే “అందానికి అంత విలువ ఎందుకిస్తావు?” అని అడగడం భావ్యం కాదు.

మాడ్రిడ్‌లోని ప్రాడో ప్రదర్శనశాలలో హీరోనిమస్ బాష్ చిత్రించిన సప్త మహాపాపాల ఫలకం ఉంది. అందులో గర్వానికి రూపంగా వేసినది అద్దంలో చూసుకుంటున్న స్త్రీని. ఆమె మనకు వీపు చూపిస్తూ తలపాగాలాంటి శిరోవస్త్రం సర్దుకుంటుంటే, బీరువా చాటునుంచి ఒక దయ్యం ఆ అద్దాన్ని పట్టుకుని ఉంటుంది. మామూలు ఇల్లే, సామానూ మామూలే. ఆ బొమ్మను ముద్రణలో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ప్రతిసారీ నా కన్ను ఆ అద్దం పట్టుకున్న చేతి దగ్గరే ఆగిపోతుంది. ఆ ఇంట్లోకి అద్దం తెచ్చినది ఆమె కాదు. అయినా చిత్రంలో పాపం ఆమె పేరున ఉంది.

రేగడినేల
బుధవారం, రాత్రి 8.15

నేను వెక్కిరించినవారిలో ఒకడిని. సంధ్యారాగం గారి స్నేహితురాలిని కాదు, మరొకరిని, నాలుగేళ్ల కిందట. మాతో చదువుకున్న ఒకామె మా పాత విద్యార్థుల బృందంలో తన ఫొటో పెట్టి “అప్పుడూ ఇప్పుడూ బాగానే ఉన్నాను” అని రాసింది. నేను ఒక నిమిషం కూడా ఆలోచించకుండా “ఎవరు చెప్పారు?” అని రాశాను. చాలామంది నవ్వారు. ఆమె కూడా నవ్వు గుర్తు పెట్టింది. ఆ తరువాత ఆ బృందంలో ఆమె ఫొటో మళ్లీ రాలేదు. నేను దాన్ని గమనించలేదు, ఈ చర్చ చదివాక వెనక్కి వెళ్లి వెతికితే తెలిసింది.

నేను రాసిన ఆ రెండు మాటల్లోనే నా కోపానికి కారణం ఉంది. ఆమె బాగాలేదని నేను అనలేదు, నిజానికి చదువుకునే రోజుల్లో ఆమెను చూడటానికే నేను గ్రంథాలయానికి వెళ్లేవాడిని. “ఎవరు చెప్పారు?” అని అడిగాను. చెప్పవలసినవాడిని నేను, నా లాంటివారు. ఆ మాట మా దగ్గర దాచి ఉంది, మాకు ఇష్టమైనప్పుడు ఇస్తాం, అందుకు ఆమె సంతోషించాలి, కొంచెం సిగ్గుపడాలి. ఆమె మమ్మల్ని అడగకుండానే తీసుకుంది. ఇప్పుడు నేను పొగిడినా ఆమెకు కొత్తగా ఇవ్వడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఆ క్షణంలో నాకు కలిగినది ఆ లోటే అనుకుంటున్నాను. అప్పుడు దాన్ని హాస్యం అనుకున్నాను.

ఆమెకు నిన్న సందేశం పంపాను. ఇంకా జవాబు రాలేదు. రావాలని ఆశించే హక్కు కూడా నాకు లేదు.

సంధ్యారాగం గారూ, నా సంగతి చెప్పాను గనుక ఒకటి అడుగుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. ఆ రోజు ఆ ఫొటో కింద మీరు ఏమి రాశారు?

అక్షరాలబడి
బుధవారం, రాత్రి 9.05

రేగడినేల గారి ప్రశ్నకు సంధ్యారాగం గారే జవాబివ్వాలి. ఈలోగా ఒక చిన్న విషయం. ఉద్యోగ సంభాషణల్లో తమ సామర్థ్యాన్ని తామే చెప్పుకునే స్త్రీల మీద లారీ రడ్‌మన్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, అలా చెప్పుకున్న స్త్రీలను సమర్థులుగా గుర్తించినా ఇష్టపడటం మాత్రం తగ్గింది. ఆ కఠినత్వం స్త్రీ పరీక్షకుల్లోనూ ఉంది. అది ప్రతిభ గురించిన పరిశోధనే తప్ప అందం గురించినది కాదు. అయినా తెల్లకాగితం గారి రెండో మాటకు ఇది అడ్డు వస్తుంది. సంపాదించుకున్న ప్రతిభ గురించి చెప్పుకున్నా అదే శిక్ష పడుతున్నప్పుడు, అందం పుట్టుకతో వచ్చినది కావడమే మన అభ్యంతరానికి కారణమని ఎలా అనగలం?

సంధ్యారాగం
గురువారం, ఉదయం 6.20

రేగడినేల గారి ప్రశ్నకు రాత్రే జవాబు రాసి, మూడుసార్లు చెరిపేశాను.

ఆ రోజు పొద్దున ఆమె ఫొటో పెట్టిన పది నిమిషాలకే నేను చూశాను. ఆమె రాసిన రెండు వాక్యాలు చదివి, ఈవిడకు ఇది అవసరమా అనుకున్నాను. ఆ మాట ఎవరితోనూ అనలేదు, కానీ అనుకున్నాను. ఏమీ రాయలేదు. వెక్కిరింపులు మొదలైనప్పుడు ఒక్కొక్కటీ చదివాను. జవాబు ఇవ్వాలనిపించింది, ఇస్తే నన్ను కూడా ఆమె వరసలో కట్టేస్తారని ఆగిపోయాను. రాత్రి ఆమె “వెలుతురు బాగా కుదిరింది” అని మార్చాక, “చాలా అందంగా ఉన్నావు” అని రాశాను. మొదటి వ్యాఖ్యలో నేను చెప్పిన ఆ నలుగురిలో నేను లేను, ఎందుకంటే నేను వెక్కిరించలేదు. అందువల్లే ఇన్ని రోజులు నన్ను నేను వేరే లెక్కలో వేసుకున్నాను.

నిన్న సాయంత్రం పని అయ్యాక ఆమెతో ఈ సంగతంతా చెప్పాను. ఈ చర్చ గురించి కూడా చెప్పాను. ఆమె బల్ల మీది కాగితాలు సర్దుకుంటూ విన్నారు. చివరికి సంచి భుజాన వేసుకుని, “నీ వ్యాఖ్య ఎన్ని గంటలకు వచ్చిందో నాకు గుర్తుంది” అన్నారు.